మొదటి గంట కొట్టకముందు

పిల్లలూ!

మీ బడికి పొద్దున అందరికంటే ముందు వచ్చేది ఎవరు? హెడ్మాస్టరుగారని కొందరు అంటారు. క్లాసు లీడరని కొందరు అంటారు. ఇద్దరూ కాదు, బడి ప్యూను. నేను చాలా ఏళ్ళు బళ్ళలో పనిచేసినవాణ్ణి గనుక ఈ సంగతి గట్టిగా చెప్పగలను. నేను వెళ్ళేసరికి అతను తలుపులన్నీ తీసి, గదులు ఊడ్పించి, నల్లబల్లలు తుడిచి, సుద్దముక్కలు సర్ది, ఏమీ ఎరగనివాడిలా గంట పక్కన నిలబడి ఉండేవాడు. అతను గంట కొట్టగానే బడి మొదలయిందని మనమంతా అనుకుంటాం. నిజానికి బడి అంతకు గంట ముందే మొదలయింది. మనం చూడలేదు, అంతే.

ఈ నెల మీకు అటువంటి ఒక ప్యూను కథ చెబుతాను. ఇతను ఉండేది బడిలో కాదు, కంప్యూటరులో. ఇతను చేయవలసిన పనుల్లో ఒక్కటి జరగకపోయినందుకు మా భీమవరం పక్కన ఒక రొయ్యల చెరువుకు ఎంత ఆపద రాబోయిందో కూడా చెబుతాను. ముందు అతని పనేమిటో తెలుసుకుందాం.

మీలో పై తరగతుల వాళ్ళు ‘సి’ భాష పేరు వినే ఉంటారు. 1970ల మొదట్లో అమెరికాలో బెల్ ప్రయోగశాలలో డెన్నిస్ రిచీ అనే ఆయన దానిని తయారుచేశాడు. బట్టలుతికే మిషన్లలో, కార్లలో, కరెంటు మీటర్లలో ఉండే చిన్న చిన్న చిప్పులకు ఈనాటికీ ఎక్కువగా ఆ భాషలోనే పని చెబుతారు. ఆ భాష నేర్పే మాస్టారు మొదటిరోజునే ఒక మాట అంటారు: “ప్రోగ్రాము ‘మెయిన్’ అనే చోట మొదలవుతుంది.”

ఇది అబద్ధం కాదు. కాని బడి గంటతో మొదలవుతుందనే మాట ఎంత నిజమో ఇదీ అంతే నిజం. మెయిన్ మొదలు కావాలంటే దానికి గది తెరిచిపెట్టేవాడు ఒకడు ఉండాలి గదా! ఆ పనిచేసే కొద్దిపాటి ఆజ్ఞలను ‘స్టార్టప్ కోడు’ అంటారు.

చిప్పులో రెండు రకాల జ్ఞాపకాలు ఉంటాయి. ఒకటి ఫ్లాష్. ఇది అచ్చువేసిన పుస్తకం వంటిది. కరెంటు పోయినా అందులో రాసినది చెరిగిపోదు. ప్రోగ్రాము ఉండేది అక్కడే. రెండవది ర్యామ్. ఇది నల్లబల్ల వంటిది. లెక్క చేసేటప్పుడు అంకెలు వేసుకోవటానికి, చెరపటానికి, మళ్ళీ వేసుకోవటానికి ఇది కావాలి. పుస్తకంలో లెక్కలు చేయకూడదు. నల్లబల్ల మీద చేసినవి శాశ్వతంగా ఉండవు. రెండూ ఉంటేనే పని జరుగుతుంది.

ఇప్పుడు కరెంటు వచ్చిందనుకోండి. చిప్పు కళ్ళు తెరుస్తుంది. అప్పటికి దానికి సి భాష తెలియదు, మెయిన్ ఎక్కడున్నదో తెలియదు. ఆర్మ్ కోర్టెక్స్-ఎం3 అనే రకం చిప్పుకు తెలిసినది ఇంతే: పట్టికలో మొదటి 4 బైట్లు చదువు, తరువాతి 4 బైట్లు చదువు. మొదటి నాలుగూ ఒక చోటును చూపిస్తాయి. తరువాతి నాలుగూ మొట్టమొదటి ఆజ్ఞ ఎక్కడున్నదో చెబుతాయి. చిప్పు ఆ ఆజ్ఞ దగ్గరికి వెళుతుంది. అక్కడ మన ప్యూను సిద్ధంగా ఉంటాడు.

గంట కొట్టేలోగా మూడు ఏర్పాట్లు కావాలి.

మొదటిది దొంతర. మీరు కథ చదువుతుండగా అమ్మ పిలిచిందనుకోండి. పుస్తకంలో నెమలి ఈక పెట్టి లేస్తారు. అమ్మ చెప్పిన పని చేస్తుండగా తాతయ్య పిలిస్తే, ఆ పనికీ ఒక గుర్తు పెట్టుకొని వెళతారు. తిరిగి వచ్చేటప్పుడు ఆఖరున పెట్టిన గుర్తు ముందు, మొదట పెట్టినది ఆఖరున తీస్తారు. విస్తళ్ళ దొంతరలో పైనున్నదే ముందు తీస్తాం గదా, అలాగే. ప్రోగ్రాములో ఒక పని మధ్యలో మరొక పనికి వెళ్ళి రావాలంటే ఇటువంటి గుర్తుల దొంతర ఉండాలి. అది ర్యామ్‌లో ఎక్కడ మొదలుకావాలో ముందే చెప్పాలి. కోర్టెక్స్-ఎం3లో ఆ మొదటి 4 బైట్లు చూపించే చోటు ఇదే. చాలా చిప్పులలో ఇది స్టార్టప్ కోడే స్వయంగా చేయాలి. సి భాషలో రాసిన పనులన్నీ ఈ దొంతరను నమ్ముకునే నడుస్తాయి. ఆ దొంతరే లేనప్పుడు సి భాషను నమ్మి ఎలా రాస్తాం? అందుకే ఈ తొలి ఆజ్ఞలను చిప్పు సొంత భాషకు ఒక్క అడుగు దూరంలో ఉన్న అసెంబ్లీ భాషలో రాస్తూ వచ్చారు.

రెండవది ఎత్తిరాయటం. ప్రోగ్రాములో కొన్ని పెట్టెలకు మొదటి విలువ మనమే చెబుతాం. ‘ఆగవలసిన సెకన్లు 20’ అన్నామనుకోండి. ఆ 20 ఫ్లాష్ అనే పుస్తకంలో ఉంటుంది. పని జరిగేది మాత్రం ర్యామ్ అనే నల్లబల్ల మీద. అందుచేత పుస్తకంలోని అంకెలను చూసి ఎవరో ఒకరు బల్లమీద ఎత్తిరాయాలి.

మూడవది తుడవటం. మరికొన్ని పెట్టెలకు మనం ఏ విలువా చెప్పం. అవి సున్నాతో మొదలవుతాయని సి భాష మాట ఇచ్చింది. కాని మాట ఇచ్చినది భాష. నిలబెట్టవలసినది స్టార్టప్ కోడు. అది ఆ పెట్టెలన్నిటిలో వరుసగా సున్నాలు రాసుకుంటూ పోవాలి. ఈ పెట్టెల వరుసకు ‘బి.ఎస్.ఎస్.’ అని పేరు. 1950లలో ఐ.బి.ఎం. 704 అనే పెద్ద కంప్యూటరుకు అసెంబ్లీ భాషలో రాసేవాళ్ళు పెట్టిన పేరు అది. ఆ యంత్రాలు పోయాయి గాని పేరు నిలిచిపోయింది.

ఈ మూడూ అయిన తరువాత స్టార్టప్ కోడు మెయిన్‌ను పిలుస్తుంది. అదే గంట!

వెనుకటి రోజుల్లో చాలా కంప్యూటర్లకు ఈ తొలి సేవ మనిషే చేయవలసి వచ్చేది. యంత్రం ముందు పలక మీద వరుసగా స్విచ్చులు ఉండేవి. మీట పైకి ఉంటే ఒకటి, కిందికి ఉంటే సున్నా. ఒక్కొక్క ఆజ్ఞనూ ఇలా మీటలతో లోపలికి ఎక్కించి, అప్పుడు మొదలుపెట్టే మీట నొక్కేవారు. ఒక్క మీట పొరపాటైతే మళ్ళీ మొదటికే!

అటువంటి యంత్రాల కాలంలోనే మన దేశంలో కూడా కంప్యూటర్లు తయారయ్యాయి. హైదరాబాదులో 1967లో ఇ.సి.ఐ.ఎల్. సంస్థ ఏర్పడింది. 1969లో టి.డి.సి.-12 వచ్చింది. టి.డి.సి. అంటే ట్రాంబే డిజిటల్ కంప్యూటర్. పన్నెండు బిట్లను ఒక మాటగా చదివేది గనుక 12. ఆ సంస్థను నెలకొల్పి నడిపిన శాస్త్రజ్ఞుడు అయ్యగారి సాంబశివరావుగారు ఎక్కడ పుట్టారో తెలుసా? మా భీమవరానికి దగ్గరలోనే, మోగల్లులో, 1914లో. హైదరాబాదులో ఎ.ఎస్.రావు నగర్ అన్నది ఆయన పేరే. కాబట్టి ఇది సముద్రాల అవతలి వాళ్ళ విద్య, మనకెందుకు అనుకోకండి. మన పొలం గట్టు మీద నడిచినవాళ్ళే నేర్చుకున్న విద్య.

ఇక చెరువు కథ.

మా మనుమడు భీమవరంలో ఇంజనీరింగు చదువుతున్నాడు. మా వీధిలో ఒక రైతుకు ఊరి బయట వనామీ రొయ్యల చెరువు ఉన్నది. రొయ్యల చెరువులో నీటిని చిలికే చక్రాలు ఉంటాయి. వాటిని ఏరియేటర్లు అంటారు. అవి గాలిలోని ఆక్సిజన్‌ను నీళ్ళలో కలుపుతాయి. పగలు నీటిలోని నాచు వెలుతురు సాయంతో కొంత ఆక్సిజన్ ఇస్తుంది. రాత్రి అది ఇవ్వకపోగా తానే కొంత వాడుకుంటుంది. అందుచేత తెల్లవారుజామున చెరువులో ఆక్సిజన్ బాగా తగ్గిపోతుంది. అప్పుడు చక్రాలు ఆగాయా, రొయ్యలు ఊపిరాడక పైకి తేలతాయి. ఇంకొంచెం ఆలస్యమయితే నెలల కష్టం ఒక్క రాత్రిలో పోతుంది.

ఆ రైతుకు ఒక చిక్కు ఉండేది. కరెంటు పోయి వచ్చినప్పుడు మోటార్లన్నీ ఒక్కసారి బయలుదేరకూడదు. మోటారు కదిలేటప్పుడు మామూలుకంటే ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది. నాలుగూ కలిసి లాగితే ఫ్యూజు ఎగిరిపోతుంది. అందుకని కాపలా మనిషి లేచి ఒక్కొక్కటే వేసేవాడు. మావాడు, “ఆ పని చేసే పెట్టె నేను చేసిపెడతాను బాబాయిగారూ” అన్నాడు. చేశాడు కూడా. కరెంటు రాగానే ఒక మోటారు, 20 సెకన్లు ఆగి మరొకటి, అలా నాలుగు. నాలుగూ తిరగటం మొదలుపెట్టాక ‘గుర్తు’ అనే పెట్టెలో 1 అని రాసుకుంటుంది. గుర్తు 1 అయితే మళ్ళీ మోటార్ల జోలికి పోదు.

చిప్పుతో పాటు వచ్చే స్టార్టప్ కోడు వాడుకుంటే సరిపోయేది. కాని మావాడు, “సొంతంగా రాస్తేనే వస్తుంది తాతయ్యా” అని అసెంబ్లీలో తానే రాశాడు. అందులో తప్పులేదు. నేర్చుకోవటం అంటే అదే.

పోయిన వేసవిలో ఒకనాడు తెల్లవారకుండానే రైతు ఫోను చేశాడు.

“మాస్టారూ, మీ మనవడి పెట్టె ఇవాళ మమ్మల్ని ముంచేసేదండీ! కరెంటు వచ్చింది, చక్రం ఒక్కటీ తిరగలేదు. మా కాపలావాడు చప్పుడు ఆగిపోయిందని లేచాడు గాబట్టి సరిపోయిందండి. రొయ్య అప్పుడే పైకి తేలుతోందట!”

కాపలా మనిషి పెట్టెను పక్కకు తప్పించి, చేత్తో నాలుగు మోటార్లూ వేశాడు. చెరువు దక్కింది. కాని మావాడి ముఖం చూడవలసింది! అన్నం ముట్టలేదు. “ఇంటి దగ్గర ఇరవైసార్లు చూశాను తాతయ్యా, ఒక్కసారి కూడా తప్పలేదు” అన్నాడు.

నాకు వాడి ప్రోగ్రాము చదవటం రాదు. ప్రశ్న అడగటం మాత్రం వచ్చు. నా ఉద్యోగమే అది.

“ఆ ఇరవైసార్లూ ఎలా చూశావు?”

“మోటార్ల బదులు నాలుగు బల్బులు పెట్టి, ప్లగ్గు పీకి, మళ్ళీ పెట్టి చూశాను.”

“పీకినాక ఎంతసేపు ఆగావు?”

“నోటుబుక్కులో రాసుకునేదాకా. ఒక నిమిషం ఉంటుందేమో.”

నేను రైతుకు ఫోను చేసి, రాత్రి కరెంటు ఎంతసేపు పోయిందని అడిగాను. “పోవటమేమిటండీ, రెప్పపాటు! మకాంలో బల్బు ఒక్కసారి కన్నుకొట్టి మళ్ళీ వెలిగిందట, అంతే” అన్నాడు.

మావాడు పరుగున వెళ్ళి పెట్టె తెచ్చాడు. నాలుగు బల్బులూ వెలిగేదాకా ఆగి, స్విచ్చు టక్కున ఆపి టక్కున వేశాడు. మొదటిసారి ఏమీ కాలేదు. రెండోసారీ ఏమీ కాలేదు. మూడోసారికి నాలుగు బల్బులూ ఆరిపోయాయి. మళ్ళీ వెలగలేదు!

ఏమి జరిగిందో మీరే చెప్పగలరా? మావాడి స్టార్టప్ కోడు దొంతర సరిగానే చూపింది. 20 అనే అంకెను సరిగానే ఎత్తిరాసింది. మూడో పని, బి.ఎస్.ఎస్. తుడవటం, మావాడు రాయటం మరచిపోయాడు.

నిమిషంపాటు కరెంటు లేకపోతే ర్యామ్‌లో ఉన్నది మాసిపోతుంది. మళ్ళీ కరెంటు వచ్చినప్పుడు అందులో సున్నాలే ఉంటాయనుకోకండి. పిచ్చిగీతల వంటి అంకెలేవో ఉంటాయి. అవి సరిగ్గా 1 కావటం ఎంతో అరుదు. గుర్తు 1 కాదు గనుక పెట్టె బల్బులు వెలిగించింది. ఇంటి దగ్గర ఇరవైసార్లు నెగ్గింది మావాడి తెలివి కాదు, అదృష్టం! చెరువు దగ్గర కరెంటు రెప్పపాటే తగ్గింది. ఆ తగ్గుదలకు చిప్పు పని మానేసి మళ్ళీ మొదటినుంచి లేచింది, మోటార్లు ఆగాయి. కాని ర్యామ్ అంతకంటే తక్కువ కరెంటుతో కూడా తనలో ఉన్నది కొంతసేపు పట్టి ఉంచగలదు. కాబట్టి గుర్తులో పాత 1 అలాగే ఉండిపోయింది. మెయిన్ దానిని చూసి, “మోటార్లన్నీ తిరుగుతున్నాయి, నాకు పనిలేదు” అనుకొని హాయిగా కూర్చుంది.

మెయిన్ తప్పు చేసిందా? లేదు. తన ముందున్న బల్ల మీద ఏమి రాసి ఉన్నదో అదే నమ్మింది.

మావాడు ఈ మాట చెప్పగానే నాకు పాత సంగతి ఒకటి గుర్తుకు వచ్చి మనసు చివుక్కుమన్నది. మీకు చెప్పకుండా దాచుకోవటం న్యాయం కాదు. నేను లెక్కల మాస్టరుగా ఉన్న రోజుల్లో ఒకనాడు పరీక్ష పెట్టి, ప్రశ్నలు నల్లబల్ల మీద రాశాను. బల్ల ఒక మూల ముందురోజు లెక్క ఒకటి మిగిలి ఉన్నది. నేను తుడవలేదు. ఒక కుర్రవాడు అదే మొదటి ప్రశ్న అనుకొని పాపం దానినే చేశాడు. టైము చాలక ఆఖరి ప్రశ్న వదిలేశాడు. “అడగని లెక్క ఎందుకు చేశావురా?” అని అందరిముందు కోప్పడి మార్కులు కోసేశాను. వాడు మాట్లాడకుండా బల్లవైపు చూశాడు. వాడి చూపు వెంట నేనూ చూశాను. తప్పు వాడిది కాదు, నాది. మరునాడు మార్కులు వేశాను గాని, అందరిముందు తిట్టిన తిట్టు తుడవటానికి డస్టరు ఎక్కడ దొరుకుతుంది?

మావాడు ఆ పూటే తప్పు దిద్దాడు. అసెంబ్లీలో ఏడంటే ఏడు ఆజ్ఞలు. మొదటి పెట్టె ఎక్కడ, ఆఖరి పెట్టె ఎక్కడ, చేతిలో ఒక సున్నా. వరుసలో ఆఖరికి వచ్చామా అని చూడు, రాకపోతే సున్నా రాసి నాలుగు బైట్లు ముందుకు జరుగు. వాడి చిప్పులో ర్యామ్ 20 కిలోబైట్లు. అదంతా తుడిచినా సెకనులో నూరోవంతు పట్టదు. అంత చిన్న పని అది. తరువాత స్విచ్చును ఒక నిమిషం ఆపి, అయిదు సెకన్లు ఆపి, రెప్పపాటు ఆపి, అన్ని విధాలా వందసార్లు చూశాడు. అప్పుడు రైతు దగ్గరికి వెళ్ళి, జరిగినది దాచకుండా చెప్పి, క్షమించమన్నాడు.

రైతు అంతా విని నవ్వాడు. “ఓస్, ఇంతేనా బాబూ! పాత పంట తీశాక చెరువు ఎండగట్టకుండా, సున్నం చల్లకుండా కొత్త సీడు వదుల్తామా? మీ పెట్టెకీ అదేనన్నమాట!” అన్నాడు. నేను ఇంతసేపూ నల్లబల్ల, ప్యూను అంటూ చెప్పినది ఆయన ఒక్క ముక్కలో చెప్పేశాడు. పెట్టె మళ్ళీ చెరువు మీదికి వెళ్ళింది. కాపలా మనిషిని మాత్రం మాన్పించలేదు. అదీ మంచిదే!

ఇంట్లో ఉండే పెద్ద కంప్యూటరులో కూడా ఇదే తంతు. అక్కడ లైనక్స్, విండోస్ వంటి ఆపరేటింగ్ సిస్టం ప్రతి ప్రోగ్రాముకూ తుడిచిన పలకలే ఇస్తుంది. ఒకరు రాసుకున్నది మరొకరి కంట పడకూడదు గదా! ఆ తరువాత స్టార్టప్ కోడు మెయిన్‌ను పిలుస్తుంది. మెయిన్ పని ముగించి ఒక అంకె తిరిగి ఇస్తే, దానిని అందుకొని ఆపరేటింగ్ సిస్టంకు అప్పగించేది కూడా స్టార్టప్ కోడే. అంటే పొద్దున తలుపు తీసినవాడే సాయంత్రం తాళం వేసి తాళంచెవి అప్పగిస్తాడన్నమాట.

రేపు బడికి వెళ్ళినప్పుడు నల్లబల్ల శుభ్రంగా ఉంటే, దానిని ఎవరు తుడిచారో కనుక్కోండి. కనపడితే ఒక నమస్కారం పెట్టండి.

మీరూ చేసి చూడండి: పలకమీద ఎనిమిది గళ్ళు గీసి వాటిలో తోచిన అంకెలు వేయండి. ఒక గడికి ‘మొత్తం’ అని పేరు పెట్టండి. మీ స్నేహితుణ్ణి మెయిన్‌గా కూర్చోబెట్టి, 5, 7, 8 అనే అంకెలను ఒక్కొక్కటిగా చెప్పి, ‘మొత్తం’ గడిలో ఉన్నదానికి కలుపుకుంటూ పొమ్మనండి. 20 వచ్చిందా? రాదు! ఇప్పుడు మీరు స్టార్టప్ కోడు అయి, గళ్ళన్నిటిలో సున్నాలు వేసి మళ్ళీ చేయించండి.

ఒక ప్రశ్న: కిలోబైటు అంటే 1024 బైట్లు. 20 కిలోబైట్ల ర్యామ్‌ను ఒక్కొక్కసారి 4 బైట్ల చొప్పున తుడిస్తే ఎన్నిసార్లు సున్నా రాయాలి? జవాబు వచ్చే నెల చెబుతాను. ఈలోగా మీరే చేయండి. ముందు పలక తుడుచుకోవటం మరచిపోకండి సుమా!